ప్లేట్‌లెట్లు తగ్గినా రక్తం గడ్డకడితే?

మన బుచ్చిరెడ్డిపాలెంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే డెంగ్యూ గుర్తొస్తుంది, రక్తస్రావం భయం పట్టుకుంటుంది. కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ వల్లే అవి పడిపోతే కథ తిరగబడుతుంది, గడ్డలే కడతాయి! 1958లో అమెరికాలో వైస్‌మన్, టోబిన్ అనే డాక్టర్లు హెపారిన్ వాడుతున్న రోగుల్లో ఈ గడ్డల్ని గమనించారు. దీనికి మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలే కారణమని 1973లో బయటపడింది. ఇప్పుడు వాటికి ఎలైజా పరీక్ష ఉంది. అయితే పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టే అనుకోకూడదు. పైగా రిపోర్టు వచ్చేదాకా ఆగితే ప్రమాదం. అందుకే డాక్టర్లు ముందే లెక్క చూస్తారు: కౌంటు సగానికి పైగా తగ్గిందా, మందు మొదలెట్టిన 5–10 రోజుల్లోనేనా, గడ్డ కట్టిందా, వేరే కారణముందా? అనుమానం బలంగా ఉంటే హెపారిన్ ఆపేసి, ఆర్గాట్రోబాన్ లాంటి వేరే మందు ఇస్తారు. కౌంటు తగ్గింది కదా అని ప్లేట్‌లెట్లు ఎక్కించమని మాత్రం పట్టుబట్టకండి. ఈమధ్య హెపారిన్ వాడి ఉంటే, ఆ మాట డాక్టరు గారికి ముందే చెప్పండి.