ఏడడుగుల పడవ

ఒక గుర్రము వీపుపై బస్తాలు వేస్తే నూట ఇరవై, నూట ముప్పై కిలోల బరువు మోయగలదు. దానినే మంచి రోడ్డుమీద బండికి కట్టితే సుమారు 2 టన్నులు లాగుతుంది. కదలని నీటిలో తేలే పడవకు తాడు కట్టి, ఆ తాడును దానికి తగిలిస్తే 25 టన్నులు లాగుకొని పోతుంది. గుర్రపు బలము పెరగలేదు. బండి చక్రానికి గతుకుల రోడ్డుమీద కలిగే అడ్డుతో పోల్చితే, మెల్లగా సాగే పడవకు నీరు కల్పించే అడ్డు చాల స్వల్పము. మనిషి నడక వేగమును మించితే మాత్రము ఈ అడ్డు త్వరత్వరగా పెరిగి లాభమంతా హరించుకొని పోతుంది. అయితే బొగ్గుకు తొందర ఏముంటుంది?

18వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ లెక్క చక్కగా గ్రహించినవాడు బ్రిడ్జివాటర్ డ్యూకు. వర్స్‌లీలో ఆయనకు బొగ్గు గనులున్నవి. అక్కడినుండి మాంచెస్టరు నగరమునకు ఒక కాలువ త్రవ్వించగా, 1761లో పడవలు నడవ మొదలిడినవి. నగరములో బొగ్గు ధర ఇంచుమించు సగానికి దిగినది. ఆ కాలువ పనిని నడిపినవారిలో ముఖ్యుడు జేమ్స్ బ్రిండ్లీ. ఆయన మరమిల్లులు కట్టే పనివాడు, చదువు అంతంతమాత్రమే. కష్టమైన సమస్య ఎదురైతే మంచమెక్కి పడుకొని, పరిష్కారము తోచేదాక ఆలోచించేవాడని ప్రతీతి.

ఆ బ్రిండ్లీకి తరువాత అప్పగించిన పని ఇంకా పెద్దది. ట్రెంట్, మెర్సీ నదులను కలుపుతూ 93 మైళ్ల కాలువ త్రవ్వవలెను. స్టాఫర్డ్‌షైరు కుమ్మరి పరిశ్రమకు అధిపతియైన జొసయా వెడ్జివుడ్ 1766 జూలై 26న బర్స్‌లెం వద్ద మొదటి గడ్డపార వేసినాడు. రోడ్లమీద బండ్లలో పోయే పింగాణి సామాను చేరేలోగా ఎంత పగిలిపోయేదో ఆయనకు బాగా తెలుసు. దారి నడుమ హేర్‌కాసిల్ అనే గుట్ట అడ్డముగా ఉన్నది. దానిని తొలిచి 2,880 గజాల సొరంగము వేయవలసి వచ్చినది. ఆ పనికి 11 ఏళ్లు పట్టినది. 1777లో కాలువ పూర్తి అయ్యేనాటికి బ్రిండ్లీ మరణించి 5 ఏళ్లు గడిచినవి.

సొరంగము వెడల్పు ఎంత ఉండవలెను? ఒక్కొక్క అడుగు పెంచితే తొలిచే రాయి, కట్టే ఇటుక ఎంతో పెరుగుతవి. కనుక బ్రిండ్లీ దానిని ఒక్క పడవకే సరిపోయేటట్లు చేసినాడు. లోపల గుర్రము నడిచే గట్టు కూడ లేదు. గుర్రమును గుట్టమీదుగా తోలుకొనిపోగా, పడవవారు వెల్లకిల పడుకొని సొరంగము గోడలను కాళ్లతో తన్నుతూ గంటలకొద్ది చీకటిలో పడవను నడిపేవారు. గుర్రపు గట్టుతో టెల్‌ఫర్డ్ కట్టిన రెండవ సొరంగము 1827లో గాని రాలేదు.

రెండవ చిక్కు నీరు. గోదావరి డెల్టాలో లాకులు చూచినవారికి ఇది కొత్తగా తోచును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట అక్కడి కాలువలకు నీరు ఎగువనుండి దానంతట అది వచ్చి పొలాలకు పారుతుంది. పడవ ఆ నీటిమీదనే పోతుంది. ఇంగ్లండు కాలువ అటువంటిది కాదు. అది గుట్ట ఎక్కి, మరల దిగవలెను. పడవ ఎక్కినా దిగినా ఒక లాకు నిండా నీరు పైనుండి క్రిందికి జారిపోతుంది. గుట్టను దాటే ప్రతి పడవ శిఖరమునుండి అటొక లాకు, ఇటొక లాకు నీరు ఖర్చు పెట్టును. శిఖరముమీదనేమో చిన్న వాగులు, చెరువులు తప్ప వేరు ఆధారము లేదు.

లెక్క వేసి చూడవచ్చును. లాకు పొడవు 72 అడుగులు, వెడల్పు 7 అడుగులు, నీటిమట్టములో తేడా 8 అడుగులు అనుకొంటే, 72×7×8 = 4,032 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 6¼ గాలనుల చొప్పున 25,200 గాలనులు. వెడల్పు 14 అడుగులు చేస్తే 50,400 గాలనులు. బ్రిండ్లీ నడిమి కాలువకు 7 అడుగులనే ఎంచుకొన్నాడు. తరువాత వచ్చి ఆ కాలువతో కలిసిన అనేక కాలువలు అదే కొలత పట్టినవి. ఆనాటి సొమ్ముకు, ఆనాటి నీటికి అది తెలివైన నిర్ణయమే. దాని ఫలితము మాత్రము ఆయన ఊహించినదానికంటె చాల దూరము పోయినది.

ఈ లాకులలో పట్టే పడవ పొడవు 70 అడుగులు, వెడల్పు 7 అడుగులకు కొంచెము లోపు. పది పాళ్లు పొడవు, ఒక పాలు వెడల్పు! అక్కడివారు దీనిని నారోబోట్, అనగా సన్నపడవ, అన్నారు. కట్టే చోటు కాలువ ఒడ్డుననే ఉండేది. చిన్న పనిచోట్లలో కాగితముమీద నమూనా గీయుట అరుదు. కొలతలు మేస్త్రీ కంటిలోను, చేతిలోను ఉండేవి.

అడుగుకు ఎల్మ్ చెక్క, పక్కలకు ఓక్ చెక్క వాడేవారు. ఎల్మ్ ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉంటే చాల కాలము చివుకదు. తడిసి ఆరుతూ ఉంటేనే చెడుతుంది. అడుగు చెక్కలను పొడవునా గాక అడ్డముగా పరిచేవారు. లోతు తక్కువైన కాలువలో పడవ అడుగు నేలను రాచుకొంటుంది గదా. అరిగిన చెక్కను ఒక్కదానినే ఊడదీసి మార్చవచ్చును. పక్కచెక్కలు తిన్నగా ఉన్నంతవరకు చిక్కు లేదు. ముక్కువద్ద రెండంగుళాల మందముగల ఓక్ చెక్క వంగవలెను. దానిని పొడవైన పెట్టెలో పెట్టి ఆవిరి పట్టేవారు. అంగుళము మందానికి ఒక గంట అని లెక్క. వేడికి, తేమకు కొయ్యలోని నారలను అంటిపెట్టుకొన్న పదార్థము మెత్తబడుతుంది. పెట్టె తెరిచిన వెంటనే మనుషులు గోనెసంచులతో చెక్కను పట్టుకొని పరుగెత్తి, చల్లారేలోగా వంచి బిగించవలెను. ఆలస్యమైతే చెక్క విరుగుతుంది, లేదా వంగదు.

పాత తాళ్లనుండి తీసిన నారను సందులలో సుత్తితో కూరి, పైన కాగిన కీలు పోసేవారు. చెక్కలపై పూతగా తారు, గుర్రపు పేడ, ఆవు వెంట్రుకలు కలిపి కాచి వేడివేడిగా పట్టించేవారు. మట్టిగోడకు పేడ కలిపి అలికే ఇల్లాలికి ఇది వింతగా తోచదు. పేడలోని పీచు, వెంట్రుకలు పూతను పగులకుండ పట్టి ఉంచుతవి.

పడవ నీటిలో దిగిన పిమ్మట దానిని కొలిచేవారు. కాలువ సుంకము టన్నుకు, మైలుకు ఇంత అని ఉండేది. దారిలో 25 టన్నుల బొగ్గు దింపి తూచుట ఎట్లు? ఇక్కడ ఆర్కిమిడీసు సూత్రము సుంకపు గుమాస్తాకు ఉపకరించినది. కొత్త పడవలో తెలిసిన బరువులు ఒక్కొక్క టన్నే పెడుతూ, నీటికి పైన ఎన్ని అంగుళాలు పొడిగా మిగిలినవో వ్రాసుకొనేవారు. ఆ పట్టిక సుంకపు కచేరీలకు పోయేది. తరువాత పడవ ఎప్పుడు వచ్చినా గుమాస్తా కొలకర్రతో పొడి అంగుళాలు నాలుగుచోట్ల కొలిచి, సగటు తీసి, పట్టిక చూచి బరువు చెప్పేవాడు. 70 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుగల పెట్టె ఒక అంగుళము మునిగితే సుమారు 41 ఘనపుటడుగుల నీటిని త్రోసివేస్తుంది. ఆ నీటి బరువు సుమారు 2,550 పౌనులు. ముక్కు, తోక సన్నగా ఉండుటవల్ల కొంత తగ్గి, అంగుళానికి ఇంచుమించు ఒక టన్ను అవుతుంది.

ఈ సూత్రమునే మరొకడు వేరొక విధముగా నిరూపించినాడు. ఇనుప కర్మాగారాల యజమాని జాన్ విల్కిన్సన్ 1787 జూలైలో సెవర్న్ నదిలో ఇనుప పడవ దింపినాడు. పేరు ట్రయల్, అనగా పరీక్ష. పొడవు 70 అడుగులు, వెడల్పు 6 అడుగుల 8½ అంగుళాలు, రేకుల మందము అంగుళములో 16వ వంతులు ఐదు. పడవ బరువు 8 టన్నులు. 32 టన్నులు మోయగలదు. ఇనుము మునుగుతుందని వాదించినవారే ఎక్కువమంది. పడవ తేలినది, తేలుటయేగాక ఖాళీగా ఉన్నప్పుడు 8, 9 అంగుళాలే మునిగినది. పై లెక్కతో విద్యార్థులు దీనిని సరిచూచుకొనవచ్చును. అయినా కొయ్య పడవలు వెంటనే పోలేదు. కొయ్య చౌక, బాగుచేయుట ప్రతి ఊరి వడ్రంగికి తెలుసు.

మొదట పడవలమీద మగవారే పనిచేసేవారు. భార్యాబిడ్డలు ఒడ్డున ఇంటిలో ఉండేవారు. 1830 తరువాత రైళ్లు వచ్చినవి. పోటీలో కాలువ కిరాయిలు పడిపోయినవి. ఇంటి అద్దె, కూలివాని జీతము రెండూ మిగుల్చుకొనుటకు పడవవాడు కుటుంబమును పడవమీదికి తెచ్చుకొన్నాడు. సరకు స్థలము తగ్గితే కూలి తగ్గుతుంది గనుక, కాపురానికి వెనుక చివరన సుమారు పదడుగుల పొడవుగల గది ఒకటే మిగిలినది. దాని వెడల్పు అదే ఏడడుగుల లోపు.

ఆ గదిని అమర్చిన తీరు చూస్తే ముచ్చట వేస్తుంది. దిగగానే ఎడమ ప్రక్క బొగ్గు పొయ్యి. వంటకు, చలికి అదే. దాని ప్రక్క అల్మారా తలుపు క్రిందికి దించితే అదే భోజనపు బల్ల. పక్క బెంచి రాత్రి పిల్లలకు పడక. వెనుక అల్మారాలోనుండి ఒక పలక అడ్డముగా దించితే తల్లిదండ్రుల మంచము. దాని పొడవు పడవ వెడల్పంతే గనుక పొడగరి కాళ్లు ముడుచుకొనవలసినదే. తలుపులపై గులాబీలు, కోటలు రంగులతో చిత్రించేవారు. పింగాణి పళ్లెములు, లేసు తెరలు, మెరిసే ఇత్తడి ఉండేవి. ఈ అందము చూచి కాలువ జీవితము సుఖమైనదని వ్రాసినవారున్నారు. ఆ గదిలో ఆరుగురు, ఏడుగురు పడుకొన్న రాత్రులనుగూర్చి వారు తక్కువగా వ్రాసినారు.

వ్రాసినవాడు జార్జ్ స్మిత్. చిన్ననాడు ఇటుకల బట్టీలో పనిచేసిన ఈయన, బట్టీ పిల్లలకోసము పోరాడిన తరువాత పడవ పిల్లలవైపు తిరిగినాడు. ఆయన ఒత్తిడివల్ల 1877లో కాలువ పడవల చట్టము వచ్చినది. పడవను రిజిస్టరు చేయవలెను. ఆ సంఖ్య పడవపై వ్రాయవలెను. చట్టము క్రింద వచ్చిన నిబంధనల ప్రకారము వెనుక గదిలో 180 ఘనపుటడుగుల గాలి ఉండవలెను. 12 ఏళ్లు దాటిన మనిషికి 60, అంతకు లోపు బిడ్డకు 40. భార్యాభర్తలకు 120 పోగా మిగిలేది 60. ఒక బిడ్డకు చోటున్నది. రెండవ బిడ్డకు లేదు! లాకు గోడలు జరిపితే తప్ప గది వెడల్పు కాదు. అందుచేత కొందరు ముక్కువైపు మరొక చిన్న గది కట్టించుకొన్నారు.

చదువు సంగతి ఇంకా కష్టము. పడవ ఏ ఊరిలో రిజిస్టరు అయినదో ఆ ఊరి బడికి బిడ్డ చెందునని చట్టము. పడవ నేడు ఒక ఊరిలో, రేపు ఇంకొక ఊరిలో. చట్టము గాలిని కొలిచినది గాని పడవను ఆపలేకపోయినది. 1884లో తనిఖీలు బిగించినా, అక్షరము రాకుండ పెరిగిన పడవ పిల్లలు తరువాత చాలాకాలము ఉన్నారు.

యంత్రము వచ్చినప్పుడు కూడ ఈ కొలతే అడ్డు తగిలినది. 1909లో బర్మింగ్‌హామ్‌లో కట్టిన ప్రెసిడెంట్ అనే ఆవిరిపడవ నేటికీ ఉన్నది. బాయిలరు, ఇంజను, బొగ్గు కలిసి సరకు చోటును చాల తినివేసినవి. పనివారు కూడ ఎక్కువ కావలెను. 1910 తరువాత వ్యాపించిన స్వీడన్ దేశపు బోలిండర్ నూనె ఇంజను చిన్నది. ఆ పడవ తన వెనుక ఇంజను లేని మరొక పడవను లాగేది. జంట పడవలతో కుటుంబానికి రెండవ గది దొరికినది.

1948లో కాలువలు జాతీయమైనవి. 1962–63 చలికాలములో కాలువలు వారాలతరబడి గడ్డకట్టుకొనిపోయినవి. సరకు లారీలకు మరలినది. 1963లో ప్రభుత్వ సంస్థ సన్నపడవల రవాణాను చాలవరకు మానుకొన్నది.

పడవ మాత్రము పోలేదు. 1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు క్రెస్సీ అనే పాత సరకుల పడవను బాన్‌బరీలో తనకు నచ్చినట్లు మార్పించినాడు. అందులో గదులు, పుస్తకాల అరలు, స్నానపు తొట్టి వచ్చినవి. ఆ ప్రయాణముపై ఆయన 1944లో ప్రచురించిన నారోబోట్ అనే పుస్తకము చదివి, మూతబడుతున్న కాలువలను కాపాడవలెనని అనేకులు పూనుకొన్నారు. 1946లో అందుకొక సంఘము ఏర్పడినది. క్రెస్సీ కొయ్య మాత్రము నిలువలేదు. 1951 నాటికి అది ప్రయాణానికి తగదని తేలినది.

ఈనాడు కట్టేవి ఉక్కు పడవలు. సాధారణముగా అడుగుకు 10 మిల్లీమీటర్లు, పక్కలకు 6, పైకప్పుకు 4 మిల్లీమీటర్ల రేకు. సరకు లేదు గనుక పడవ మరీ తేలికై పైకి తేలి ఊగుతుంది. మర రెక్కలు నీటిలో సరిగా మునుగవు. అందుచేత నేలపలక క్రింద ఇటుకలో, రాతి పలకలో పరచి బరువు చేస్తారు. తరువాత గోడలకు చలి ఆపే పొర, పొయ్యి, మంచము. ఎవరికి ఇష్టమైనట్లు వారు చేయించుకొంటారు. వెడల్పు మాత్రము 6 అడుగుల 10 అంగుళాలు. కొన్ని లాకుల పాతగోడలు రెండున్నర శతాబ్దాల మట్టి ఒత్తిడికి లోపలికి జరిగినవి. నిండా 7 అడుగులున్న పడవ అక్కడ ఇరుక్కొంటుంది.