చూడకుండా తెలిసే మెట్లు

బొబ్బిలి అనగానే బయటివాళ్లకు 1757 జనవరి 24 నాటి యుద్ధం గుర్తొస్తుంది. నాకు మాత్రం పక్కనున్న గొల్లపల్లిలో పనస మొద్దు మీద పడే ఉలి చప్పుడే గుర్తొస్తుంది. కుండ, దండి అతుకు లేకుండా ఒకే మొద్దులో తొలిచే ఏకాండి వీణ అక్కడిది.

నల్లటి మైనంలో మెట్లు నిలపడం అసలు పని. తీగ మీటి, చెవి ఒగ్గి, మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు. పూర్వం రాగం మారితే మెట్లూ జరపాల్సి వచ్చేది. 17వ శతాబ్దంలో 24 మెట్లను స్థిరం చేయించింది తంజావూరు రఘునాథ నాయకుడని సంప్రదాయం. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. రాగమేదైనా చోటు మారదు, బుర్రకు ఆ బరువు తగ్గింది. ఏడు తీగల్లో మూడు తాళానివి. లెక్క చిటికెనవేలే చూసుకుంటుంది.

1990ల మొదట్లో విమానాల సంస్థ బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ కోరిందీ బుర్రకు ఇలా బరువు తగ్గాలనే. వైర్లు అమర్చే పనివాడు మాటిమాటికీ పటం వంక తిరగకుండా, గీతలు కంటిముందే కనిపించాలని. ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ పేరు అలా పుట్టింది.

మొన్న మా మేనకోడలు ఫోన్‌ను వీణకు ఎదురుగా పెట్టింది. తెరలో ప్రతి మెట్టు మీదా ఒక స్వరాక్షరం. సరైన చోటే నొక్కింది గానీ, తీగ శ్రుతి తప్పిన సంగతి వినలేదు.

“అక్షరం ఎలిగింది కదత్తా!”

“ఎలిగిందమ్మా. మరి నీ చెవి ఏదీ?” అన్నాను. మంచి మెట్టు చూపును అడగదు.