అటార్నీ జనరల్ పామర్ - అన్యభాషీయులు

1919వ సంవత్సరము నవంబరు 7వ తేది రాత్రి న్యూయార్కు నగరమున, తూర్పు పదునైదవ వీధిలోని రష్యన్ ప్రజాభవనమునందు ఒక ఉపాధ్యాయుడు వయోజనులకు బీజగణితమును, రష్యను భాషను బోధించుచుండెను. ఎనిమిది గంటల వేళ ప్రభుత్వ న్యాయశాఖ ఉద్యోగి యొకడు పిస్తోలు చేతబట్టి తరగతిలో ప్రవేశించెను. పంతులును కండ్లద్దములు తీయుమని, తలపై కొట్టి, మెట్లమీదుగా క్రిందికి త్రోసిరి. విచారణానంతరము అర్ధరాత్రి విడిచిపుచ్చిరి. ఆతడు అమెరికా పౌరసత్వమునకై దరఖాస్తు పెట్టుకొనియున్నవాడే! ఈ సంగతి ఆయన ప్రమాణపూర్వకముగా నిచ్చిన వాఙ్మూలములో నున్నది.

నేనును పరభాషా రాష్ట్రమున తెలుగు పంతులును. అందుచేత ఆ తరగతి నా మనస్సును విడువలేదు. మన వలసల చరిత్రను గూర్చి ఈ సంచికలో పెద్దలు వ్రాయుదురు. నేను మాత్రము ఆ రాత్రి దాడికి ఆజ్ఞ యిచ్చిన అధికారి చరిత్రను సోదరుల ముందుంచుచున్నాను.

మన దేశమున అటార్నీ జనరల్ అనగా ప్రభుత్వమునకు న్యాయసలహా నొసగు పెద్ద వకీలు. అమెరికాలో నట్లు కాదు. అచ్చట ఆయన మంత్రివర్గ సభ్యుడు, న్యాయశాఖాధిపతి. అభియోగములు తెచ్చు ఫెడరల్ ప్రాసిక్యూటర్లును, అపరాధపరిశోధకులును ఆయన చేతిక్రిందివారు. 1919 మార్చిలో అధ్యక్షుడు విల్సన్ ఈ పదవిని ఎ. మిచెల్ పామర్ అను పెన్సిల్వేనియా న్యాయవాదికిచ్చెను.

పామర్ మొదటినుండియు క్రూరుడని యెంచుట పొరపాటు. ఆయన యుద్ధమును నిరసించు క్వేకరు మతస్థుడు. 1913లో యుద్ధమంత్రి పదవిని ఆ కారణముననే నిరాకరించెను. కాంగ్రెసు సభ్యుడుగా నుండి, బాలురచే కర్మాగారములలో పనిచేయించుటను నిషేధించు బిల్లు తెచ్చెను. అటార్నీ జనరల్ అయిన తొలిదినములలో, యుద్ధకాలపు ఆంక్షలకు లోబడియున్న సుమారు 10,000 మంది జర్మను జాతీయులను ఆ నిర్బంధమునుండి విడిపించెను. ఇట్టివాడు ఏడాదిలోపల అట్లు మారుటయే ఈ చరిత్రలోని విషాదము.

1919 జూన్ 2వ తేది రాత్రి వాషింగ్టనులోని ఆయన యింటి ముంగిట బాంబు ప్రేలెను. బాంబు తెచ్చినవాడే తునకలయ్యెను. పామరు కుటుంబము బ్రదికి బయటపడెను. ఆ రాత్రియే మరికొన్ని పట్టణములలోను బాంబులు ప్రేలినవి. భయపడుటకు ఆయనకు కారణము లేకపోలేదు. ఆ యేడు సమ్మెలు విరివిగా సాగుచుండెను. రష్యా విప్లవమును జూచి ధనికులు గడగడలాడుచుండిరి. ఏమి చేసితివని అక్టోబరులో సెనేటు తీర్మానపూర్వకముగా నిలదీసెను. అధ్యక్షుడు పక్షవాతముతో మంచము పట్టియుండెను. పామరుకు 1920లో అధ్యక్షపదవికి పోటీ చేయవలెనను ఆశయు నుండెను. భయమును ఆశయు నొక్కచోట చేరినవి.

న్యాయశాఖలో తీవ్రవాదులపై నిఘా వేయు విభాగమొకటి యేర్పడెను. దానికి అధిపతి 24 ఏండ్ల జె. ఎడ్గార్ హూవర్, తదుపరి దాదాపు అర్ధశతాబ్దము ఆ దేశపు అపరాధపరిశోధక శాఖను నడపినవాడు. బాంబు వేసినవారి జాడ తీసి శిక్షింపజేయుట మాత్రము సాధ్యపడలేదు. దొరకినవారు వేఱు. 1918 చట్టము ప్రకారము, ప్రభుత్వమును బలాత్కారముగా కూలద్రోయవలెనను సంఘమున సభ్యుడైనచో చాలును, విదేశీయుని న్యాయస్థానములో విచారింపకయే దేశమునుండి పంపివేయవచ్చును. 1919 డిసెంబరు 21న 'బ్యూఫర్డ్' అను పాత ఓడ 249 మందిని ఎక్కించుకొని రష్యా వైపు సాగెను.

1920 జనవరి 2వ తేది రాత్రి ముప్పదికి పైగా పట్టణములలో ఒక్కమారు దాడులు జరిగినవి. వేలకొలది జనులు పట్టుబడిరి. పెక్కురకు వారంటే లేదు. డెట్రాయిట్‌లో దాదాపు 800 మందిని ఫెడరల్ భవనపు నడవలో దినములకొలది నిర్బంధించిరి. అంతమందికి ఒకటే మరుగుదొడ్డి. బోస్టనులో సంకెళ్ళతో వీధులలో నడిపించిరి. విచారణారంభముననే న్యాయవాదిని బెట్టుకొను హక్కును తెలుపవలెనను నిబంధనను దాడులకు రెండు దినములు ముందుగా మార్చివేసిరి! ఈ వివరము చిన్నదే గాని, నాకు ఆ దెబ్బలకన్న ఇదియే భయంకరముగా దోచుచున్నది.

పట్టుబడినవారెవరు? సోషలిస్టు పార్టీలో రష్యనులు, లిథువేనియనులు, హంగేరియనులు మొదలగువారికి వారివారి భాషలలో శాఖలుండెను. ఆ శాఖలు కొన్ని మూకుమ్మడిగా కమ్యూనిస్టు పార్టీలో చేరగా, సభ్యులకు తెలియకయే వారి పేర్లు క్రొత్త పట్టికలకెక్కెను. తమ భాష మాటాడువారితో నాలుగు మాటలాడుకొనుటకు వచ్చిన కూలివాడు ఆ విధముగా రాజద్రోహి యయ్యెను. పరదేశమున స్వభాషాసంఘమునకు చందా కట్టినవారికి ఇందలి బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ వేగమునకు అడ్డుకట్ట వేసినవాడు ఒక వృద్ధుడు. దేశబహిష్కారాజ్ఞలిచ్చు అధికారము న్యాయశాఖది గాక కార్మికశాఖది. 1920 వసంతమున ఆ శాఖకు తాత్కాలికాధిపతిగానుండిన లూయీ ఎఫ్. పోస్ట్, డెబ్బది యేండ్లు దాటినవాడు, కాగితములను ఒక్కొక్కటిగా చదివెను. తెలియక పేరెక్కినవాడు సభ్యుడు గాడనెను. వందలకొలది వారంట్లను రద్దుచేసెను. కాంగ్రెసులో ఆయనను పదవీచ్యుతుని చేయయత్నించిరి. మే నెలలో ఆయన విచారణసంఘము ముందు నిలిచి యిచ్చిన సమాధానములకు ఆ యత్నము వీగిపోయెను. మే 1వ తేదిన విప్లవము లేచునని పామర్ హెచ్చరింపగా, పోలీసులు ఊరూర కాపుగాచిరి, ఏమియు జరుగలేదు. పత్రికలు నవ్వినవి. ఆ నెలాఖరున ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్, రాస్కో పౌండ్ మొదలగు పండ్రెండుగురు న్యాయకోవిదులు న్యాయశాఖ అక్రమములపై నివేదిక ప్రకటించిరి. పై పంతులు వాఙ్మూలము అందులోనిదే. జూన్‌లో బోస్టను న్యాయమూర్తి ఆండర్సన్ ఆ దాడులను తన తీర్పులో తీవ్రముగా ఖండించెను. డెమొక్రాటులు ఆ వేసవిలో కాక్స్‌ను అభ్యర్థిగా ఎన్నుకొనిరి. పామర్ 1921 మార్చిలో పదవి వీడెను, 1936లో మరణించెను. పదవి వీడుటకు ముందు, కారాగారమందున్న సోషలిస్టు నాయకుడు డెబ్స్‌ను విడువుమని విల్సనుకు సిఫారసు చేసినవాడును ఆయనయే; విల్సన్ అంగీకరింపలేదు. మనుష్యుని ఒక్క గీతతో కొలువరాదు.

పామరుతో నేరుగా సంబంధములేనిదైనను, ఆనాటి వాతావరణముననే పుట్టిన మరియొక కథ కలదు. 1919లో నెబ్రాస్కా రాష్ట్రము ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు ఇంగ్లీషుగాక వేఱు భాష నేర్పరాదని శాసించెను. మరుసటి యేడు మే 25న రాబర్ట్ మేయర్ అను లూథరన్ బడిపంతులు పదియేండ్ల బాలునకు జర్మను చదువు చెప్పినందులకు 25 డాలర్ల జుల్మానా పడెను. మనకు రాజ్యాంగమున 30వ అధికరణము గలదు. 1956లో చేరిన 350-ఏ అధికరణమును గలదు. మేయరుకు అట్టివి లేవు. పదునాలుగవ సవరణలోని 'స్వేచ్ఛ' అను నొక్క మాటయే ఆధారము. ఆ మాటపైననే 1923 జూన్ 4న సుప్రీముకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మెక్‌రెనాల్డ్స్. ఆయనయు 1913-14లో, పామర్ తరువాత కూర్చున్న ఆ అటార్నీ జనరల్ పీఠముననే కూర్చుండినవాడు.