కేంద్ర పట్టుమండలి : పరిపాలనా స్వరూప పరిణామము

కర్ణాటక సరిహద్దునగల ఆమడగూరు మొదలుకొని హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల వఱకు వ్యాపించిన మెట్టసీమలో, వర్షాధారమైన వేరుసెనగ దగాచేసిన యేట సంసారమును నిలువబెట్టు మల్బరీ సాగును, తన్మూలమైన పట్టుపురుగుల పెంపకమును, దేశవ్యాప్తముగ పర్యవేక్షించుటకై పార్లమెంటు శాసనముచే నేర్పడిన సంస్థ కేంద్ర పట్టుమండలి. సెంట్రల్ సిల్కు బోర్డు అను పేరనే ఇది రైతులకు సుపరిచితము. దీని కేంద్రస్థానము బెంగుళూరు. ఇది జౌళి మంత్రిత్వశాఖకు లోబడినది.

1934లో విదేశీ పట్టుపై రక్షణ సుంకము విధింపబడుటయు, రెండవ ప్రపంచ సంగ్రామమున పారాచూట్లకై పట్టునకు గిరాకి పెరుగుటయు, సంస్థానములకును రాష్ట్రములకును విడివిడిగ నుండిన యీ పరిశ్రమను ఏకసూత్రమున బంధింపవలెనను ఆలోచనకు దారితీసెను. 1945లో ఏర్పడిన విచారణసంఘము పిమ్మట 1948 నాటి 61వ చట్టము వెలువడెను. మండలి 1949లో పని ప్రారంభించెను.

అధ్యక్షుని కేంద్రప్రభుత్వము నియమించును. లోకసభనుండి నలుగురు, రాజ్యసభనుండి ఇరువురు ఎన్నికై వత్తురు. రాష్ట్రములు తమ ప్రతినిధులను నామనిర్దేశము చేయును. ఇందు కర్ణాటకమునకు ఐదు, పశ్చిమ వంగమునకు రెండు స్థానములుండగా ఆంధ్రప్రదేశమునకు ఒక్కటియే దక్కినది. మల్బరీ సాగున ఆంధ్రదేశము అగ్రశ్రేణి రాష్ట్రములలో నొకటియైన తరువాతను ఈ నిష్పత్తి మాఱకుండుట న్యాయమని చెప్పజాలము. 1953, 1982 సంవత్సరముల సవరణలు మండలి నిర్మాణమును కొంత సరిదిద్దినను, రైతు బాధకు మూలమైన విత్తన సమస్యను అవి స్పృశింపలేదు.

పట్టుపురుగు గ్రుడ్డునే రైతులు విత్తనమందురు. తల్లి సీతాకోకచిలుకకు పెబ్రిన్ రోగమున్నచో అది గ్రుడ్డులోనికి సంక్రమించి పంటనెల్ల హరించును. 1865-70 నడుమ ఫ్రాన్సులో పాశ్చరు ఈ వ్యాధిని పరిశోధించి, గ్రుడ్లుపెట్టిన తల్లిని నూఱి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, రోగరహితమైన గ్రుడ్లనే నిలుపుకొను పద్ధతిని స్థాపించెను. నేటికిని అదియే శరణ్యము. పరీక్షింపని గ్రుడ్లు కొనిన రైతు, అప్పుచేసి పెంచిన పురుగులు గూళ్లుకట్టు తట్టలైన చంద్రికలకెక్కకమునుపే చచ్చుట చూచి, ఆకు ఖర్చును కూలియును పోగొట్టుకొనును. మండలి పరిశోధన జరిపి, మేలుజాతి గ్రుడ్లను తానే ఉత్పత్తి చేసి పంచుచుండినను, చెడు విత్తనమును అమ్మినవానిని అడ్డగించు శాసనాధికారము దానికి చిరకాలము లేకపోయెను. ఈ లోపమును తీర్చినది 2006 నాటి సవరణ చట్టము. దానిచే కేంద్ర విత్తన సంఘము, ఉత్పత్తిదారుల నమోదు, విత్తన పరీక్షాశాలలు, తనిఖీ అధికారులు ఏర్పడిరి. 2010లో నిబంధనలు వెలువడి చాకీ పురుగుల, అనగా లేతదశలోని పురుగుల, పెంపకమును సైతము నమోదు పరిధిలోనికి తెచ్చెను. మండలి చరిత్రలో నింతటి మేలైన సంస్కరణము మఱియొకటి లేదు.

రాష్ట్రమున పట్టుపరిశ్రమ శాఖయు, హిందూపురముకడ కిరికెరలోని రాష్ట్ర పరిశోధనాసంస్థయు మండలి కృషికి తోడ్పడుచున్నవి. ధరల స్థిరీకరణము మండలి విధులలో నొకటియైనను, పట్టుగూళ్ల ధర హిందూపురపు మార్కెట్టు వేలములోనే తేలును. చైనా పట్టు దిగుమతి హెచ్చినపుడు ఆ ధర పడిపోవును. దిగుమతులను గూర్చి మండలి సలహా నీయగలదు, సుంకమును నిర్ణయించునది కేంద్రప్రభుత్వమే.