ట్రాకింగ్ కుకీలు

ట్రాకింగ్ కుకీ అంటే, ఒక వ్యక్తి ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నాడో గమనించడానికి ప్రకటన సంస్థలు అతని బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు తునక. అందులో సాధారణంగా ఒక గుర్తింపు సంఖ్య, అది ఏ డొమైన్‌కు చెందినది, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్న వివరాలు ఉంటాయి. ఇది వైరస్ కాదు. ఫైళ్లను చెరపలేదు, కంప్యూటర్‌ను పాడుచేయలేదు. దీనివల్ల ముప్పు ప్రైవసీకే. ఏం చదివారో, ఏ జబ్బు గురించి వెతికారో, ఏం కొనాలనుకుంటున్నారో అంతా ఒకేచోట పోగుపడుతుంది. కుకీని తుడిచేయడం తేలికే, మళ్లీ రాకుండా చూసుకోవడమే అసలు పని.

చరిత్ర

కుకీని 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజినీరు లూ మాంటుల్లి రూపొందించారు. యూనిక్స్ ప్రోగ్రామర్ల వాడుకలో ఉన్న ‘మ్యాజిక్ కుకీ’ అన్న మాట నుంచి ఈ పేరు వచ్చింది. వెబ్ సర్వర్‌కు సహజంగా జ్ఞాపకం ఉండదు. మొదటి పేజీ అడిగినవారే రెండో పేజీ అడిగినా కొత్తవారిగానే చూస్తుంది. ఆన్‌లైన్ దుకాణంలో బుట్టలో వేసిన సరుకు గుర్తుండాలంటే ఈ లోటు తీరాలి. కుకీ అందుకే పుట్టింది.

అయితే పేజీలో కనిపించే ప్రకటన బొమ్మ మరో సంస్థ సర్వర్ నుంచి వస్తే, ఆ సర్వర్ కూడా తన కుకీని పెట్టగలదు. దీన్ని థర్డ్ పార్టీ కుకీ అంటారు. 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 ప్రమాణపత్రం ఇలాంటి కుకీలను బ్రౌజర్లు అనుమతించకూడదని, అనుమతించినా ముందుగానే ఆన్ చేసి ఉంచకూడదని చెప్పింది. ఆనాటి ప్రధాన బ్రౌజర్లు ఆ మాట పాటించలేదు.

పనిచేసే తీరు

ఒక వార్తల సైటు, ఒక బట్టల దుకాణం, మధుమేహం గురించి చెప్పే సైటు ఒకే సంస్థ ప్రకటనలు చూపిస్తున్నాయనుకుందాం. మొదటి సైటు తెరిచినప్పుడు ఆ సంస్థ కుకీ బ్రౌజర్‌లో చేరుతుంది. మిగతా రెండూ తెరిచినప్పుడు బ్రౌజర్ అదే సంఖ్యను ఆ సంస్థకు పంపుతుంది. ఆ మూడు సైట్లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా, వాటిని చూసింది ఒకరేనని ప్రకటన సంస్థకు తెలిసిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే బ్రౌజర్ వాడే చోట తల్లి వెతికిన మందు ప్రకటన బిడ్డ చదువుకునే పేజీలో కనిపించడానికి కారణం ఇదే.

కొన్ని కుకీలు బ్రౌజర్ మూయగానే పోతాయి. గడువు తేదీ ఉన్నవి డిస్క్‌లో నిలిచి ఉంటాయి. క్రోమ్ 2022 నుంచి ఈ గడువును 400 రోజులకు పరిమితం చేసింది. కానీ ఆ సంస్థ సర్వర్‌ను బ్రౌజర్ మళ్లీ సంప్రదించిన ప్రతిసారీ గడువు పొడిగించుకునే వీలుంది.

తుడిచినా తిరిగి రావడం

చేలో తుంగను పైపైన కోస్తే నేలలో మిగిలిన గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది. కొన్ని కుకీలదీ అదే తీరు. ఒకప్పుడు వెబ్‌లో వీడియోలు, ఆటలు నడిపిన ఫ్లాష్ ప్లేయర్ తన సమాచారాన్ని బ్రౌజర్ కుకీలున్న చోట కాక వేరే చోట దాచుకునేది. కొన్ని సైట్లు చెరిపేసిన కుకీలను దాని సాయంతో తిరిగి సృష్టిస్తున్నాయని 2009లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. 2010లో ప్రోగ్రామర్ శామీ కామ్‌కర్ ‘ఎవర్‌కుకీ’ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసి, ఒకే సంఖ్యను అనేక చోట్ల దాచి ఒకదాని నుంచి మరొకదాన్ని ఎలా బతికించవచ్చో చూపించారు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసినా, బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజీ, క్యాషే వంటి చోట్లు ఇంకా ఉన్నాయి.

తిరిగి రావడానికి మామూలు కారణాలూ ఉంటాయి: అదే సైటును మళ్లీ చూడడం, తుడిచే సమయంలో ఏదో ట్యాబ్ తెరిచి ఉండడం, రెండో బ్రౌజర్‌ను మరిచిపోవడం.

ఇంటి కంప్యూటర్‌లో నివారణ

వరుస ముఖ్యం. ముందు బ్రౌజర్ ప్రైవసీ సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలను ఆపాలి. తర్వాత సైట్ల ట్యాబులన్నీ మూసి, కుకీలతో పాటు సైట్ డేటాను, క్యాషేను కూడా మొదటి నుంచి ఉన్నదంతా తొలగించాలి. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి బ్రౌజర్‌లో, ప్రతి యూజర్ అకౌంట్‌లో ఇదే చేయాలి. దీనివల్ల లాగిన్ అయి ఉన్న సైట్ల నుంచి బయటికి వచ్చేస్తాం కాబట్టి పాస్‌వర్డులు ముందే సరిచూసుకోవాలి. యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్ ట్రాకింగ్ సర్వర్లకు అభ్యర్థన వెళ్లకుండానే ఆపుతుంది. బ్రౌజర్ మూసినప్పుడల్లా కుకీలు పోయేలా పెట్టి, నమ్మకమైన ఒకటి రెండు సైట్లకు మినహాయింపు ఇవ్వవచ్చు.

ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూస్తే వాటిలో చేరిన కుకీలు పోతాయి. అంతకుముందు మామూలు విండోలో చేరినవి మాత్రం అలాగే ఉంటాయి. తెర కొలత, ఫాంట్లు, బ్రౌజర్ వెర్షన్ వంటివాటిని కలిపి యంత్రాన్ని గుర్తుపట్టే ‘ఫింగర్‌ప్రింటింగ్’కు కుకీ అక్కర్లేదు; కుకీలు తుడిచినంత మాత్రాన అది ఆగదు.

బ్రౌజర్లు, చట్టాలు

సఫారీ 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైటు కుకీలను దేనికదే విడిగా ఉంచుతోంది. తన క్రోమ్ బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలను తొలగిస్తామని 2020లో ప్రకటించిన గూగుల్, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. అందుకే క్రోమ్ వాడేవారు సెట్టింగును స్వయంగా మార్చుకోవాలి.

భారత డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ల లోపువారు పిల్లలే. మినహాయింపులు పోను, వారి ప్రవర్తనను వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలివ్వడం ఆ చట్టం ప్రకారం కూడదు. అయితే అందరూ ఒకే బ్రౌజర్ వాడే ఇంట్లో, తెర ముందు ఉన్నది బిడ్డో తల్లో కుకీకి తెలియదు. ఎవరికి వారు వేరు యూజర్ అకౌంట్ పెట్టుకుంటే ఒకరి వెతుకులాటలు మరొకరి ఖాతాలో పడవు. పిల్లలున్న ఇంట్లో మొదట చేయవలసిన పని ఇదే.