బాష్పం: కన్నీరా? ఆవిరా?

"బాష్పం" అన్న మాటని ఒంటరిగా ఎవరైనా వాడగా విన్నారా? నేనైతే వినలేదు. దానికెప్పుడూ ఒక తోడు కావాలి. ముందు ఆనందం చేరితే ఆనందబాష్పాలు, వెనక వాయువు చేరితే బాష్పవాయువు. ఒకటి పెళ్ళిపందిట్లో, ఇంకోటి పోలీసు వ్యానులో!

సంస్కృతంలో దీనికి కన్నీరు, ఆవిరి అని రెండర్థాలూ ఉన్నాయి. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో, పెంచిన కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కణ్వుడి గొంతుకి అడ్డం పడింది ఈ బాష్పమే. ఇంకా చెంప మీదకి జారలేదు, లోపల్నించి పొంగుకొస్తోంది. ఆవిరితో పోలిక ఇక్కడ బాగా కుదిరిందనిపిస్తుంది నాకు.

తర్వాత ఒక్కో భాషా ఒక్కో ముక్క తీసుకుంది. హిందీ 'భాప్', మరాఠీ 'వాఫ్' దీన్నించి పుట్టినవే. వాటిలో ఆవిరి మిగిలింది, కన్నీరు ఇంకిపోయింది. మనకేమో ఆవిరి, కన్నీరు అని సొంత మాటలు ఉండనే ఉన్నాయి. అందుకని బాష్పాన్ని బడికి పంపేశాం. ఫిజిక్సులో బాష్పీభవనం, బోటనీలో బాష్పోత్సేకం (తెలుగు మీడియం వాళ్ళు, గుర్తొచ్చాయా?). చావు వార్తలకి మాత్రం మన పేపర్లు ఎక్కువగా అశ్రువునే పట్టుకున్నాయి: అశ్రునయనాలు, అశ్రునివాళి.

ఇక బాష్పవాయువు సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914లోనే ఫ్రెంచి సైన్యం ఈ తరహా రసాయనాలు వాడింది. ఇప్పుడు పోలీసులు ఎక్కువగా వాడే సీఎస్‌ని 1928లో కోర్సన్, స్టౌటన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేశారు. వాళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. తమాషా ఏంటంటే అది అసలు వాయువే కాదు, ఘనపదార్థం. సన్నటి పొడిగానో పొగగానో గాల్లోకి వదులుతారు. 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం దీన్ని యుద్ధంలో వాడకూడదంది, శాంతిభద్రతల కోసం పోలీసులు వాడుకోవచ్చంది. అంటే సరిహద్దులో శత్రువు మీద వాడకూడనిది, ఊళ్ళో మన జనం మీద వాడొచ్చన్నమాట!

తెలంగాణ ఉద్యమంలో, 2009-10లో ఉస్మానియా క్యాంపస్ నించి ఈ వార్తలు ఎన్నిసార్లు చదివామో! "బాష్పవాయువు ప్రయోగించారు" అంటే ఏదో ల్యాబులో జరిగినట్టే ఉంటుంది. కళ్ళు మండి, ఊపిరాడక పరిగెత్తే పిల్లలు ఆ వాక్యంలో ఎక్కడా కనపడరు.

బాష్పం మనిషి లోపల్నించి రావాలి. బయట్నించి పొడి కొట్టి రప్పించిన నీళ్ళకి కణ్వుడి మాట ఎందుకు? కళ్ళల్లో కారం కొట్టారు అంటే సరిపోదూ?