యుద్ధనౌక ఎక్కిన చిత్రకళ

1994లో క్రిమియాలోని సెవాస్టోపోల్‌లో ఒక యుద్ధనౌక మీద సమకాలీన కళా ప్రదర్శన జరిగింది. నౌక ఉక్రెయిన్‌ది, పేరు స్లావుతిచ్. ప్రదర్శన పేరు ‘ఆల్కెమిక్ సరెండర్’. నల్లసముద్రపు నౌకాదళం ఎవరిదన్న పేచీ రష్యాతో అప్పటికింకా తెగలేదు, వాటాలు తేలింది 1997లో. అంత ఉద్రిక్తత నడుమ నౌకాదళాన్ని ఒప్పించి ఓడలోకి బొమ్మలు ఎక్కించారంటే, ఆ మనుషులెవరో తెలుసుకోవాలనిపించింది.

ముందున్న మనిషి మార్తా కుజ్మా, ఉక్రెయిన్ మూలాలున్న అమెరికన్. తర్వాతెప్పుడో యేల్ విశ్వవిద్యాలయపు ఆర్ట్ స్కూలుకు తొలి మహిళా డీన్ అయింది. ఓడ ప్రదర్శన నాటికి ఆమె, దాత జార్జ్ సోరోస్ డబ్బుతో కీవ్‌లో 1993లో పెట్టిన సమకాలీన కళా కేంద్రానికి డైరెక్టరు.

ఆ కేంద్రం ఎంత కొత్తదో తెలియాలంటే అంతకు ముందు సంగతి చూడాలి. సోవియట్ కాలంలో స్టూడియో కావాలన్నా, రంగులు కావాలన్నా, ఆర్డరు రావాలన్నా కళాకారుల సంఘం గడప తొక్కాల్సిందే. ఆ పట్టు సడలుతుండగా, 1990లో, కొందరు కుర్ర చిత్రకారులు కీవ్ నడిబొడ్డున పారిస్ కమ్యూన్ వీధిలో మరమ్మతుల కోసం ఖాళీ చేయించిన వాటాల్లోకి చేరిపోయారు. అర్సెన్ సవదోవ్, ఒలెక్సాండర్ హ్నిలిత్స్కీ, ఒలెహ్ హొలోసీ వాళ్ళలో కొందరు. బొమ్మలు వేయడం, కాపురం, వాదులాట అన్నీ అక్కడే. కమిటీ లేదు, అనుమతి లేదు. హొలోసీ 1993లో, 27 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాదికి ఆ ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. వీధి పేరు కూడా ఇప్పుడు మిఖైలివ్‌స్కా. ఆ నాలుగేళ్ళ బతుకును ఏ సంస్థా మళ్ళీ తేలేకపోయిందని నా నమ్మకం.

సోరోస్ కేంద్రం తర్వాత కీవ్-మొహిలా అకాడమీ అనే విశ్వవిద్యాలయం నీడకు చేరి, 2008లో మూతపడింది. ఈలోగా 2006లో కోటీశ్వరుడు విక్టర్ పించుక్ తన పేరిట పెద్ద గ్యాలరీ తెరిచాడు. ఇతరుల డబ్బు మీద నిలబడ్డ స్వేచ్ఛకు ఆయుష్షు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్‌లో మూతపడ్డ ఇన్సులేషన్ ఫ్యాక్టరీలో 2010లో ‘ఇజొల్యాత్సియా’ అనే కళా కేంద్రం పుట్టింది. 2012లో కామెరూన్‌కు చెందిన పాస్కల్ మార్తీన్ తాయూ అక్కడి పొగగొట్టం కొసన పెద్ద లిప్‌స్టిక్ నిలబెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శిథిలమైన ఊరిని మళ్ళీ కట్టిన ఆడవాళ్ళకు అంకితమది. 2014 జూన్‌లో రష్యా అనుకూల సాయుధ వేర్పాటువాదులు ఫ్యాక్టరీని ఆక్రమించి జైలు చేశారు. అందులో జరిగిన చిత్రహింసలు ఐక్యరాజ్యసమితి నివేదికలకెక్కాయి. 2015లో పొగగొట్టాన్ని పేల్చేశారు. సంస్థ కీవ్‌కు తరలిపోయింది. స్లావుతిచ్‌ను కూడా రష్యా 2014 మార్చిలోనే పట్టుకుంది. కళకు చోటిచ్చిన ఓడా ఫ్యాక్టరీ రెండూ ఒకే ఏడాది పోయాయంటే కడుపు రగిలిపోతుంది.

కీవ్-మొహిలా అకాడమీలోనే 2008లో మొదలైన ‘విజువల్ కల్చర్ రీసెర్చ్ సెంటర్’ది మరో కథ. 2012లో వాళ్ళు పెట్టిన ‘ఉక్రేనియన్ బాడీ’ ప్రదర్శనను రెక్టర్ మూయించాడు. వాళ్ళు అక్కడ్నించి బయటపడ్డారు గానీ పని ఆపలేదు. 2015లో ప్రభుత్వ సంస్థ అయిన మిస్తెత్స్కీ అర్సెనల్ బినాలే (రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన) జరపలేమని చేతులెత్తేస్తే, తామే తలకెత్తుకుని ‘స్కూల్ ఆఫ్ కీవ్’ పేరుతో ఊరంతా పలుచోట్ల జరిపారు. 2023లో యుద్ధం నడుస్తుండగానే అదే కీవ్ బినాలేను ఉజ్‌హొరొద్, వియన్నా, వార్సా, బెర్లిన్ నగరాలకూ విస్తరించారు.